హార్డ్‌విక్ హాల్ కట్టింది మొగుళ్ళ డబ్బా, బెస్ లెక్కలా?

మీ ప్రశ్న ఇదీ: వచ్చే నెల పిల్లల్నీ అత్తగారినీ తీసుకుని డర్బీషైర్‌లోని హార్డ్‌విక్ హాల్ చూడబోతున్నారు. 1590ల్లో, ఆడవాళ్ళకి సొంత ఆస్తి కూడా ఉండని రోజుల్లో, ఒక ముసలావిడ ఒక్కతే అంత భవనం ఎలా కట్టించగలిగింది? నలుగురు మొగుళ్ళ ఆస్తి కలిసొచ్చిందన్నది నిజమేనా? అందులో రోజూ ఎవరు, ఎలా బతికేవారు? స్కాట్లండ్ రాణి మేరీని అక్కడే బంధించారా?

ముందు సూటిగా చెప్పేస్తాను. నలుగురు భర్తల డబ్బు అన్నది నిజమే, కానీ సగమే. భర్తలు పోయి ఆస్తి వచ్చిన ఆడవాళ్ళు అప్పట్లో చాలామందే ఉన్నారు. వాళ్ళెవరూ హార్డ్‌విక్ కట్టలేదు. హార్డ్‌విక్ కట్టించిన ఆ ముసలావిడ బెస్‌కి ఉన్నది కాగితాల మీద పట్టు. పెళ్ళి ఒప్పందాలు, దస్తావేజులు, కోర్టు కేసులు, రోజువారీ లెక్కలు, ఏదీ వదిలేది కాదు. మేరీ రాణి విషయం మాత్రం శుద్ధ అబద్ధం. దాని సంగతి తర్వాత.

నేను చరిత్రకారుణ్ణి కాను. క్వాంటిటీ సర్వేయర్ని. పదహారేళ్ళుగా ఇంగ్లండులో పాత రాతి కట్టడాల మరమ్మతులకు ఎస్టిమేట్లు వేసి, బిల్లులు సరిచూసే పని నాది. అందుకే ఈ ఇంటిని నేను చూసేది బిల్లుల వైపు నుంచి.

ఆవిడ అసలు పేరు ఎలిజబెత్. హార్డ్‌విక్‌లోనే ఓ మోస్తరు రైతు జమీందారీ కుటుంబంలో, దాదాపు 1527లో పుట్టింది. మొదటి భర్త రాబర్ట్ బార్లీ. ఇద్దరూ చిన్నవాళ్ళే. అతను 1544లో పోయాడు. అప్పటి ఇంగ్లీషు చట్టం ప్రకారం పెళ్ళయిన ఆడదాని ఆస్తి భర్తదే. భర్త పోతే అతని భూముల్లో మూడో వంతు మీద ఆదాయం ఆవిడ బతికున్నంత కాలం రావాలి. మన మనోవర్తికి దగ్గరగా ఉంటుంది, కానీ భూమి మీద హక్కుగా. ఆ మూడో వంతు ఇవ్వడానికి బార్లీ వైపు వాళ్ళు మొరాయిస్తే, ఇరవై ఏళ్ళు కూడా సరిగ్గా నిండని పిల్ల కోర్టుకెక్కి రాబట్టుకుంది. వచ్చింది చిన్న మొత్తమే. కానీ పని నేర్పిన కేసు అది.

రెండో భర్త సర్ విలియం కావెండిష్. ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దు చేసినప్పుడు వాటి ఆస్తుల లెక్క తేల్చే పని చేసి పైకొచ్చినవాడు, తర్వాత రాజుగారి ఖజానా అధికారి. పెళ్ళి 1547 ఆగస్టు 20న, అర్ధరాత్రి దాటాక రెండు గంటలకు. ఆయనే తన పుస్తకంలో గంటతో సహా రాసుకున్నాడు. మన తెల్లవారుజాము ముహూర్తాలు గుర్తొచ్చి నేను చదివిన ప్రతిసారీ నవ్వుకుంటాను. ఈ పెళ్ళిలో ఎనిమిది మంది పిల్లలు పుట్టారు, ఆరుగురు బతికారు. 1549లో 600 పౌండ్లకు చాట్స్‌వర్త్ కొన్నారు. అంతా బాగుందనుకునేలోపు 1557లో కావెండిష్ లెక్కల్లో ఐదు వేల పౌండ్లకు పైగా తేడా తేలింది. ఆ ఏడాదే ఆయన పోయాడు. అప్పు ఆవిడ నెత్తిన పడింది. దశాబ్దాల తర్వాత కూడా ప్రతి పేజీ కింద సంతకం పెట్టి లెక్క చూసుకునే అలవాటు ఆవిడలో ఎక్కడి నుంచి వచ్చిందో నాకైతే వేరే వివరణ అక్కర్లేదు.

మూడో భర్త సర్ విలియం సెయింట్ లో, ఎలిజబెత్ రాణి అంగరక్షక దళం నాయకుడు. 1559లో పెళ్ళి, 1565 మొదట్లో ఆయన పోయాడు. తమ్ముణ్ణీ, సొంత కూతుళ్ళనీ పక్కనపెట్టి ఆస్తంతా భార్యకే రాశాడు. నాలుగో ఆయన జార్జ్ టాల్బట్, ష్రూస్‌బరీ ఎర్ల్ (ఎర్ల్ అంటే పెద్ద ప్రభువుల బిరుదు). దేశంలోని పెద్ద ధనవంతుల్లో ఒకడు. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అంటారు కదా మనవాళ్ళు. ఈవిడ రెండోదాంట్లోనూ దిట్ట. తను ఎర్ల్‌ని చేసుకోవడమే కాక, తన పెద్ద కొడుకు హెన్రీకి ఎర్ల్ కూతురు గ్రేస్‌ని, తన పన్నెండేళ్ళ కూతురు మేరీని ఎర్ల్ కొడుకు గిల్బర్ట్‌కి 1568లో చేసింది. అచ్చంగా కుండమార్పిడి. ఆ పెళ్ళిళ్ళకు గుర్తుగా చేయించిన బల్ల ఇప్పటికీ హార్డ్‌విక్‌లో ఉంది. మీద వాద్యాలు, చీట్లపేక, సంగీతం రాసిన కాగితాలు, రెండు కుటుంబాల చిహ్నాలు చెక్కలో పొదిగి ఉంటాయి. మూడంతస్తులు ఎక్కగానే అలిసిపోయి దాన్ని చూడకుండా వెళ్ళిపోకండి.

ఇక్కడే అసలు మలుపు. నాలుగో పెళ్ళితో ముగ్గురు భర్తల నుంచి వచ్చిన భూములన్నీ చట్టం ప్రకారం ఎర్ల్ చేతికి పోయాయి. 1572లో డబ్బుకు ఇబ్బందిగా ఉన్నప్పుడు ఆయనే ఒక దస్తావేజు రాసిచ్చాడు. పాత భూముల ఆదాయం బెస్‌కి, ఆ తర్వాత ఆవిడ చిన్న కొడుకులు విలియం, చార్లెస్‌లకి. బదులుగా ఆయన వాళ్ళకి ఇవ్వాల్సిన కొన్ని మొత్తాలు రద్దు. అప్పట్లో ఎర్ల్‌కి అది చిన్న కాగితం. పదేళ్ళ తర్వాత కాపురం చెడిపోయాక, ఆ కాగితం చెల్లదని ఆయన గోల పెట్టాడు. 1584లో మనుషుల్ని వేసుకుని చాట్స్‌వర్త్ మీదికే వచ్చాడు. కొడుకు విలియం ఆయుధం పట్టుకుని గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. చివరికి రాణి వేసిన కమిషన్ బెస్ వైపే తేల్చింది. ఆ కాగితమే లేకపోతే ఈ రోజు మీకు చూడ్డానికి హార్డ్‌విక్ లేదు.

కాపురం ఎందుకు చెడింది అంటే, పెద్ద కారణం స్కాట్లండ్ రాణి మేరీ. 1569 నుంచి 1584 దాకా పదిహేనేళ్ళు ఆమెను కాపలా కాసే బాధ్యత ఎలిజబెత్ రాణి ఈ ఎర్ల్ మీద పెట్టింది. ఇచ్చేది చాలదు, అయ్యేది ఎక్కువ, ఇంట్లో అనుమానాలు, బయట పుకార్లు. మేరీని ఉంచింది షెఫీల్డ్‌లో, టట్‌బరీలో, వింగ్‌ఫీల్డ్‌లో, చాట్స్‌వర్త్‌లో. హార్డ్‌విక్ కొత్త భవనంలో ఆమె ఒక్క రాత్రి కూడా ఉండలేదు. ఉండే అవకాశమే లేదు. ఆమెకు 1587 ఫిబ్రవరిలో మరణశిక్ష అమలైంది, ఈ ఇంటి పునాది పడింది 1590లో. అయినా ఇంట్లో ఒక గదికి ఆమె పేరు ఉంది, సందర్శకులు అక్కడ నిలబడి నిట్టూరుస్తూనే ఉంటారు. ఆ మాటకొస్తే ఎలిజబెత్ రాణి కూడా ఎప్పుడూ రాలేదు. పై అంతస్తులోని పెద్ద దర్బారు గదిలో ఆమె రాజచిహ్నం పెట్టి, ఆమె కోసమే అన్నట్టు సిద్ధం చేసి ఉంచారు, అంతే.

చాట్స్‌వర్త్ తర్వాత పోయేది పెద్ద కొడుకు హెన్రీకి. అతనితో ఆవిడకు పడదు. బెస్ తోబుట్టువు జేమ్స్, పుట్టింటి ఆస్తికి వారసుడు, అప్పుల్లో మునిగి జైల్లో పోయాడు. 1583లో పుట్టింటి హార్డ్‌విక్ ఎస్టేటును 9,500 పౌండ్లకు కొడుకు విలియం పేరున కొనిపించింది. 1587లో పాత ఇంటిని పెంచడం మొదలుపెట్టింది. 1590 నవంబరులో ఎర్ల్ పోయాడు. ఇప్పుడు భర్త నుంచి వచ్చే వాటా కూడా కలిసింది. పాత ఇల్లు ఇంకా పూర్తి కాకముందే, దాని పక్కనే రాయి విసిరితే పడే దూరంలో, ఆ ఏడాదే కొత్తదానికి పునాది తీయించింది. అప్పటికి అరవై దాటాయి. 1597 అక్టోబరులో గృహప్రవేశం. ఏడేళ్ళు. ఈ రోజుల్లో క్రేన్లు పెట్టుకుని చేసినా ఆ సైజుకి ఏడేళ్ళు అంటే నేను ఒప్పుకుంటాను.

ఎలా సాధ్యమైంది? నా లాంటివాడు ముందు అడిగేది, సామాను ఎక్కణ్ణుంచి వచ్చింది అని. రాయి ఆ కొండ వాలులోని సొంత క్వారీ నుంచి. సున్నం, కలప సొంత ఎస్టేట్ల నుంచి. కప్పు మీద పరిచే సీసం డర్బీషైర్ గనుల నుంచి. గాజు వింగ్‌ఫీల్డ్‌లో సొంత బట్టీ నుంచి. రాతి పనుల్లో రవాణా ఖర్చే సగం ప్రాణం తీస్తుంది. ఆవిడకి అది లేదు. ప్లాన్ ఇచ్చింది రాబర్ట్ స్మిత్సన్ అని అందరూ ఒప్పుకుంటారు. నాటింగ్‌హామ్ దగ్గర వోలటన్ హాల్ కట్టింది ఆయనే. అక్కడ పనిచేసిన రోడ్స్ అన్నదమ్ములనే, పాలరాయి చెక్కే థామస్ ఎకర్స్‌నే ఇక్కడికి తెచ్చుకుంది. అంటే ఒక సైటు అయిపోగానే చెయ్యి తిరిగిన మేస్త్రీల ముఠా ముఠాగా ఇక్కడ దిగింది. ఇది ఈ రోజుకీ మా రంగంలో సగం విజయం.

ఆ లెక్కల పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి. ఎవరికి ఎంత కూలి, ఎన్ని అడుగుల రాయి. పేజీ చివర మొత్తం వేసిన చోట 'ఈ. ష్రూస్‌బరీ' అన్న సంతకం. ఈ రోజు కోట్ల ప్రాజెక్టుల్లో కూడా బిల్లు చదవకుండా సంతకం పెట్టే ఓనర్లను రోజూ చూస్తుంటాను.

ఆవిడ బేరం ఎలా ఉండేదో చెప్పడానికి ఒక్కటి చాలు. 1592లో లండన్ వెళ్ళినప్పుడు, చనిపోయిన సర్ క్రిస్టొఫర్ హాటన్ వారసుడి దగ్గర 13 టాపెస్ట్రీల సెట్టు కొంది. బైబిల్లోని గిడియన్ కథ నేసిన నిలువెత్తు గోడ తెరలు. ధర 326 పౌండ్ల 15 షిల్లింగుల 9 పెన్నీలు. వాటి మీద హాటన్ చిహ్నాలు నేసి ఉన్నాయి కదా, వాటిని మార్పించుకోవడానికి ఖర్చవుతుందని చెప్పి 5 పౌండ్లు తగ్గించింది! తర్వాత తన చిహ్నం రంగుల్లో వేయించిన గుడ్డ ముక్కలు వాటి మీద కుట్టించింది. హాటన్ చిహ్నంలో ఆడ లేడి, కావెండిష్ చిహ్నంలో మగ దుప్పి. కాబట్టి లేడికి కొమ్ములు తగిలించారు, దుప్పి అయిపోయింది. ఈ 13 తెరలూ శుభ్రం చేసి, కుట్లు బాగుచేయడానికి, ఇప్పుడు ఈ ఇంటిని చూసుకుంటున్న నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి 24 ఏళ్ళు పట్టింది. 2023లో పూర్తయింది. ఇప్పుడు 162 అడుగుల పొడవున్న లాంగ్ గ్యాలరీలో వాటి చోట వాటిని చూడొచ్చు.

ఇక కిటికీలు. "హార్డ్‌విక్ హాల్, గోడ కన్నా గాజు ఎక్కువ" అన్న అర్థంలో ఇంగ్లీషులో ఓ ప్రాసమాట ఉంది. గాజు బంగారంతో సమానమైన రోజుల్లో అది గొప్ప చూపించుకోవడమే. బయటి గోడలన్నీ కిటికీలకు వదిలేస్తే పొగగొట్టాలు ఎక్కడ పెడతారు? ఇంటి మధ్యలో నిలువునా పోయే లోపలి గోడలోకి తోశారు. పైకి కిటికీలా కనిపించే కొన్నిటి వెనక అసలు కిటికీయే లేదు. బయటి వరస కుదరడం కోసం పెట్టినవి. "కిటికీ పన్ను తప్పించుకోవడానికి మూసేశారు" అని ఎవరైనా పక్కన చెబుతుంటే నమ్మకండి. ఆ పన్ను 1696లో వచ్చింది, బెస్ పోయి 88 ఏళ్ళయ్యాక.

లోపల ఎలా బతికేవారు అన్నదానికి మన దగ్గర ఉన్న గొప్ప ఆధారం 1601లో ఆవిడ వీలునామా కోసం రాయించిన సామాన్ల జాబితా. గది గదికీ ఏముందో ఉంది. ఇల్లు మూడంతస్తులు, పైకి పోయే కొద్దీ సీలింగు ఎత్తు పెరుగుతుంది. కింద పనివాళ్ళు, వంట. మధ్యలో కుటుంబం. పైన దర్బారు. భోజనం వంటింట్లో మొదలై, పనివాళ్ళు తినే పెద్ద హాలు దాటి, ఆ పొడవాటి రాతి మెట్ల మీదుగా, వరుసలో నడిచే మనుషుల చేతుల్లో మూడో అంతస్తుకి ఊరేగింపుగా వెళ్ళాలి. చేరేసరికి చల్లారి ఉంటుంది. ఎవరూ పట్టించుకునేవారు కాదు, మర్యాద ముఖ్యం. మిఠాయిల కోసమైతే ఇంకా పైకి. కప్పు మీద సీసం రేకుల మీద నడుచుకుంటూ వెళ్ళి ఒక బురుజు గదిలో కూర్చుని తినేవారు.

పనివాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. ఆ కాలపు పెద్దిళ్ళన్నిట్లో అంతే. వంట చేసేదీ వడ్డించేదీ మగవాళ్ళే. ఆడవాళ్ళు దొరసాని తోడుగా ఉండేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, పిల్లల్ని చూసేవాళ్ళు మాత్రమే. వాళ్ళందరికీ వేరే గదులు ఉండేవనుకోకండి. మెట్ల దగ్గర, సామాన్ల గదుల్లో, దొరసాని గది తలుపు బయట, ఎక్కడ జాగా దొరికితే అక్కడ పడకలు. చోటు చాలనివాళ్ళు పక్కనున్న పాత ఇంట్లో. అందుకే అది కూలగొట్టకుండా రెండిళ్ళూ కలిపి వాడారు. మన పాత దివాణాల్లో వసారా నిండా మనుషులు పడుకునేవాళ్ళని మా తాతయ్య చెప్పేవాడు. అలాగే ఊహించుకోండి, చలి కలిపి.

చలి అంటే మామూలు చలి కాదు. కొండ నెత్తిన ఇల్లు, గోడలు గాజు. జాబితాలో బెస్ పడకగది చూస్తే నవ్వూ జాలీ వస్తాయి. ఇంగ్లండులో అంత గాజు ఇల్లు కట్టుకున్న ఆవిడ, తన పడకగదిలో కిటికీకి అడ్డంగా వేలాడేయడానికి దుప్పట్లు, తలుపుకి ఒక దుప్పటి, మంచం చుట్టూ తెరలు, మంచం మీద కంబళ్ళ గుట్ట పెట్టుకుంది. దర్బారు గది రాణి కోసం, వెచ్చని చిన్న గది తన కోసం. గదిలో ఆరు పుస్తకాలు, దాదాపు అన్నీ భక్తికి సంబంధించినవే. పక్క చిన్న గదిలో మరుగుదొడ్డి పెట్టె, అదీ నీలం గుడ్డ కప్పి కుట్టుపని చేసింది. ఇంట్లో కట్టిన మరుగుదొడ్లు లేవు. పాత్రలు ఎవరో ఒకరు మోసుకుపోవాల్సిందే.

అదే పడకగదిలో మనవరాలు ఆర్బెల్లా కూడా. 1575లో పుట్టిన ఆ పిల్లకి ఇంగ్లండు సింహాసనం మీద హక్కు ఉంది, తండ్రి వైపు నుంచి. ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయం. గంటగంటకీ కళ్ళెదుటే ఉంచుకుంటున్నాననీ, తన గదిలోనే పడుకోబెట్టుకుంటున్నాననీ 1592లో బెస్ స్వయంగా రాణిగారి మంత్రికి రాసింది. పాతికేళ్ళు దాటినా అదే తీరు. 1602 క్రిస్మస్ రోజుల్లో ఆ అమ్మాయి తప్పించుకోవడానికి రహస్యంగా పెళ్ళి సంబంధం మాట్లాడబోయి దొరికిపోయింది. బెస్ వీలునామాలోంచి ఆమె పేరు కొట్టేసింది. ఆర్బెల్లా చివరికి 1615లో లండన్ టవర్‌లో ఖైదీగా పోయింది. ఇంటి గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఈ పిల్ల సంగతి ఎవరైనా దాటేస్తే నాకు నచ్చదు.

ఒక హెచ్చరిక. లోపల ఉన్నదంతా బెస్ కాలం నాటిది కాదు. తర్వాతి వారసులు, డెవన్‌షైర్ డ్యూకులు, చాట్స్‌వర్త్‌లో ఉండి దీన్ని రెండో ఇల్లుగా ఉంచారు. అందుకే మార్పులు తక్కువ జరిగాయి. కానీ కొన్ని మంచాలు, తెరలు తర్వాత తెచ్చి పెట్టినవి. 1601 జాబితాలో ఉన్నదేదో గదిలో కూర్చునే వాలంటీర్లని అడిగితే ఓపిగ్గా చూపిస్తారు. గుడ్డ మీద గుడ్డ కుట్టిన, పాత గ్రీకు, రోమన్ కథల్లోని పతివ్రతలు పెనెలోపీ, లుక్రీషియా బొమ్మల తెరలు మాత్రం ఖాయంగా బెస్‌వే. రద్దయిన మఠాల్లోని పూజారుల జరీ వస్త్రాలు కత్తిరించి చేసినవి. దగ్గరగా చూస్తే పాత కుట్టుపని జాడలు కనిపిస్తాయి. 1950లో పదో డ్యూక్ పోతే వారసత్వ పన్ను కట్టడానికి ఇంటిని ప్రభుత్వానికి అప్పగించారు, 1959లో నేషనల్ ట్రస్ట్‌కి వచ్చింది.

బెస్ చావు గురించి ఒక కథ వింటారు. కట్టడం ఆపనంత కాలం చావు రాదని జోస్యం ఉండేదట. 1608 ఫిబ్రవరిలో గడ్డకట్టే చలికి సున్నం బిగుసుకుపోయి పని ఆగిందట, ఆవిడ పోయిందట. పోయింది ఆ ఫిబ్రవరిలోనే, 13న. మిగతాది కథ. కానీ కథ అల్లినవాడికి సున్నం తెలుసు. ఆ కాలంలో చలికాలం రాగానే సగం లేచిన గోడల మీద గడ్డి కప్పి పని ఆపేసేవారు. నేను ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు ఓ పాత ఫార్మ్‌హౌస్‌కి డిసెంబరులో సున్నం పాయింటింగ్, అంటే రాళ్ళ సందుల్లో సున్నం నింపే పని, చేయించడానికి ఒప్పుకున్నాను. క్రిస్మస్‌కి ఇంట్లో దిగాలని ఓనర్ టెన్షన్, నాకు మొహమాటం. ఫిబ్రవరిలో వెళ్ళి గోటితో గీకితే గోడలోంచి పిండిలా రాలింది. మొత్తం తీసేసి మేలో మళ్ళీ చేయించాం. ఖర్చులో కొంత నా ఫీజులోంచే పోయింది.

మీ అత్తగారికి మోకాళ్ళ నొప్పులుంటే ఆ రాతి మెట్ల గురించి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. లోపల వెలుతురు కావాలనే తక్కువ ఉంచుతారు, బట్టల రంగు పోకుండా. పక్కనున్న పాత ఇంటి శిథిలం ఇంగ్లీష్ హెరిటేజ్ అనే వేరే సంస్థ చేతిలో ఉంది, వేళలు అవే అనుకోకండి, విడిగా చూసుకోండి. పిల్లలకి రెండు పనులు అప్పజెప్పండి. బయట ఆరు బురుజుల మీద రాతిలో చెక్కిన ఆవిడ పొడి అక్షరాలు 'ఈ', 'ఎస్' ఎన్నిసార్లు ఉన్నాయో లెక్కపెట్టాలి. లాంగ్ గ్యాలరీలో తర్వాత కొమ్ములు మొలిచిన ఆ లేడిని ముందు ఎవరు కనిపెడతారో చూడాలి.